నోరు మంచిదైతే మతి మంచిదా?

చిగుళ్ళ జబ్బుకీ మతిమరుపు జబ్బుకీ ఉన్న లంకె మీద ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్నాయి. కొల్లేటి లంకల నుంచి తాడేపల్లిగూడెం దాకా మన పెద్దవాళ్ళ నోట్లోకి తొంగిచూసేవాళ్ళు మాత్రం తక్కువ.

కొల్లేటి ఊళ్ళలో పెద్దవాళ్ళకు చేప ఎలా వడ్డిస్తున్నారో చూస్తే చాలు, వాళ్ళ నోటి సంగతి తెలిసిపోతుంది. శీలావతి, బొచ్చె ముక్కల్లో కండ మధ్యన చీలిన సన్నటి ముళ్ళుంటాయి. గుడివాకలంకలోనో కొల్లేటికోటలోనో పుట్టిపెరిగిన మనిషికి అదో లెక్క కాదు. ముక్క నోట్లో పెట్టుకుని, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే, నాలుకతో ముల్లుని పళ్ళ మధ్యకి తోసి, పెదవి చివరికి తెచ్చి కంచం అంచున పెట్టేస్తారు. పళ్ళు, నాలుక, చెంప, మెదడు నాలుగూ కలిస్తే తప్ప ఆ పని జరగదు. కొన్నేళ్ళు పోయాక ఇంట్లో "అమ్మకి కొరమీను తేరా, ముళ్ళు తక్కువ" అన్న మాట వినిపిస్తుంది. ఇంకొన్నాళ్ళకి ముక్క మానేసి పులుసు ఒక్కటే అన్నంలో కలిపి పెడతారు. ఆ తర్వాత మజ్జిగన్నం. ఈ మార్పునంతటినీ ఎవరూ జబ్బు కింద జమకట్టరు. "పెద్దతనం కదండీ, పళ్ళూడవా మరి?" అనేస్తారు.

ఊడవు. జుట్టు నెరవడం, చర్మం ముడతలు పడటం వయసు వల్ల జరుగుతాయి. పన్ను మాత్రం తనంతట తాను ఊడదు. దెబ్బ తగిలి పోయినవి తప్ప, ఊడిన ప్రతి పన్ను వెనకా ఏళ్ళ తరబడి నడిచిన జబ్బు ఒకటుంటుంది. అది పుచ్చయినా కావచ్చు, చిగుళ్ళ జబ్బయినా కావచ్చు. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించేది రెండోది. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందులో పాచి పేరుకుని, గట్టిపడి గార అవుతుంది. ఆ గార చుట్టూ చేరిన క్రిములతో ఒళ్ళు పోరాడుతుంటే చిగురు వాచి, తోముకున్నప్పుడల్లా నెత్తురు వస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు. అందుకే పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కరు. లోపల మాత్రం పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతూనే ఉంటుంది. ఏటిగట్టు కోసుకుపోయాక అక్కడ పాతిన రాట ఎన్నాళ్ళు నిలుస్తుంది? పన్ను కదులుతోందని తెలిసేసరికి చాలా ఎముక పోయే ఉంటుంది.

పొగాకు అలవాటున్న ఇళ్ళలో ఇది ఇంకా మోసం చేస్తుంది. గోదావరి లంక పొగాకు చుట్టకి అలవాటుపడిన తాతగారు "నా చిగుళ్ళలో ఒక్కనాడు నెత్తురు చూడలేదు" అంటే అది నిజమే అయి ఉంటుంది. నికోటిన్ చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. నెత్తురు కనపడదు, జబ్బు మాత్రం మామూలు కంటే వేగంగా ముదురుతుంది. వేపపుల్లతో తోముకునేవాళ్ళు చివర బాగా నమిలి, కుంచెలా చేసుకుని మెల్లగా వాడితే తప్పులేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు మాత్రం పంటి మీది పింగాణీ పొరను అరగదీస్తాయి.

మన ప్రాంతంలో పాతుకుపోయిన భయం ఇంకొకటుంది. పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని, నరం తెగి మెదడుకి దెబ్బ తగులుతుందని చదువుకున్న ఇళ్ళలోనూ అంటారు. పైపళ్ళకి స్పర్శ తెచ్చే నరం వేరు, కంటికి చూపు తెచ్చే నరం వేరు. పన్ను తీయడం వల్ల చూపు నరానికి వచ్చే ముప్పేమీ లేదు. ఈ భయంతో పుచ్చి విరిగిపోయిన పంటి వేళ్ళను ఏళ్ళ తరబడి చిగుళ్ళలోనే వదిలేసిన నోళ్ళు పల్లెల్లో చాలా ఉన్నాయి. పన్ను పీకితే మెదడు దెబ్బతింటుందని భయపడుతున్నాం. పీకకుండా వదిలేసిన కుళ్ళు మెదడుని ఏం చేస్తుందన్నదే ఇప్పుడు శాస్త్రవేత్తలు అడుగుతున్న ప్రశ్న.

ఊడిన పన్నుకీ మతికీ ఉన్న లెక్క

ముందు డిమెన్షియా గురించి ఒక మాట. మనం మతిమరుపు అంటాం, చాదస్తం అంటాం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం మామూలు మతిమరుపు. తాళంచెవితో ఏం చేస్తారో మర్చిపోవడం డిమెన్షియా. అందులో అందరూ పేరు విన్నది అల్జీమర్స్. మెదడుకి వెళ్ళే రక్తనాళాలు పాడవడం వల్ల వచ్చే రకం కూడా ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డ్యాడ్ అనే జాతీయ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువని కూడా తేల్చింది.

నోటి సంగతికొస్తే, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బే వూ నాయకత్వంలోని బృందం 2021లో ఒక లెక్క బయటపెట్టింది. అంతకుముందు జరిగిన 14 అధ్యయనాలను, వాటిలోని 34,074 మంది వివరాలను ఒకచోట చేర్చి చూశారు. పళ్ళు ఎక్కువగా పోగొట్టుకున్నవాళ్ళకి జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించే అవకాశం 48 శాతం, డిమెన్షియా వచ్చే అవకాశం 28 శాతం ఎక్కువగా కనిపించాయి. 28 శాతం అనగానే కంగారు పడక్కర్లేదు. వందమందిలో ఏడుగురికి వచ్చేచోట తొమ్మిదిమందికి వచ్చినట్టు. చిన్న తేడా కాదు, ఆకాశం విరిగిపడేంత తేడా కూడా కాదు. ఆ లెక్కలో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. పళ్ళు పోయినా కట్టుడు పళ్ళు పెట్టించుకున్నవాళ్ళలో ఈ తేడా చెప్పుకోదగ్గంతగా కనపడలేదు.

దీన్నిబట్టి పళ్ళ సెట్టు పెట్టించుకుంటే మతి నిలుస్తుందని తీర్పు చెప్పేయలేం. సెట్టు పెట్టించుకోగలిగిన ఇంట్లో డబ్బుంటుంది, చదువుంటుంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనిషి ఉంటాడు. మెదడుని కాపాడింది సెట్టో, ఆ మిగతావో విడదీసి చెప్పడం కష్టం. ఇంకో చిక్కు కూడా ఉంది. డిమెన్షియా బయటపడటానికి చాలా ఏళ్ళ ముందే మెదడులో మొదలవుతుంది. ఆ ఏళ్ళలో మనిషి పళ్ళు తోముకోవడం తగ్గిస్తాడు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మర్చిపోతాడు. అప్పుడు నోరు పాడై మతి పోయిందా, మతి పోతూ నోరు పాడైందా? రెండూ జరుగుతుంటాయనే నిపుణుల్లో చాలామంది అభిప్రాయం.

మెదడులో దొరికిన చిగుళ్ళ క్రిమి

2019 జనవరిలో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రపంచమంతా వార్తయింది. చిగుళ్ళ జబ్బుకి ముఖ్య కారణాల్లో ఒకటైన పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే క్రిమి ఆనవాళ్ళు అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ళ మెదళ్ళలో దొరికాయి. ఆ క్రిమి విడుదల చేసే విషపు ఎంజైములు, జింజిపెయిన్లు కూడా కనిపించాయి. ఎలుకల నోళ్ళలో ఆ క్రిమిని ప్రవేశపెడితే అది మెదడుకి చేరి, అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ పెరిగింది. ఆ పరిశోధన వెనకున్న కార్టెక్సైమ్ కంపెనీ జింజిపెయిన్లను అడ్డుకునే మందు తయారుచేసి 643 మంది రోగుల మీద పరీక్షించింది. 2021 అక్టోబరులో ఫలితం వచ్చింది. ఆ మందు జ్ఞాపకశక్తి జారిపోవడాన్ని ఆపలేకపోయింది.

ఈ రెండు సంగతులనీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలో ఏలూరు వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2020 డిసెంబరు మొదట్లో వన్‌టౌన్ వీధుల్లో ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోయారు. ఆరువందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీదా నిపుణుల వేలు పడింది. ఆ రోజుల్లో ఊరంతా అడిగింది ఒకటే: సీసం దొరికింది సరే, అదే చేసిందా? నమూనాలో దొరకడం వేరు, కారణమని రుజువు కావడం వేరు అన్న తేడా ఆ చలిరోజుల్లో ప్రతి కుటుంబానికీ అనుభవంలోకి వచ్చింది. అల్జీమర్స్ మెదడులో దొరికిన చిగుళ్ళ క్రిమి దగ్గరా అదే ప్రశ్న మిగిలి ఉంది. అది దొంగా, దొంగతనం అయ్యాక తలుపు తీసి ఉందని లోపలికొచ్చినవాడా?

ప్రపంచంలోని పెద్ద నిపుణులు కలిసి కూర్చునే లాన్సెట్ కమిషన్ 2024లో డిమెన్షియా ముప్పుని పెంచే, మనం మార్చుకోగలిగే కారణాలు 14 ఉన్నాయంది. వాటన్నిటినీ సరిదిద్దుకోగలిగితే డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యపడొచ్చంది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం, చూపు తగ్గడం అందులో ఉన్నాయి. నోటి ఆరోగ్యం ఆ జాబితాలో లేదు.

తేలకుండా చేర్చకపోవడమన్న ఈ జాగ్రత్త అవసరమే. నోటికీ మతికీ ముడిపెట్టి చేసిన ఘోరం చరిత్రలో ఒకటుంది. ఇవాళ మన తెలుగువాళ్ళు పెద్దసంఖ్యలో ఉంటున్న న్యూజెర్సీలోనే, ట్రెంటన్ మానసిక వైద్యశాలకు హెన్రీ కాటన్ అనే వైద్యుడు 1907 నుంచి 1930 దాకా అధిపతిగా ఉన్నాడు. పిచ్చికి మూలం పళ్ళలో దాగిన చీము అని నమ్మి రోగుల పళ్ళు పీకించాడు. నయం కాకపోతే టాన్సిల్స్, అదీ కాకపోతే పెద్దపేగు కోయించాడు. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో పత్రికలు అతన్ని మెచ్చుకున్నాయి కూడా. అందుకే "పళ్ళు బాగుచేస్తే అల్జీమర్స్ రాదు" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి.

నోటి గుండా నడిచే దారులు

మరి ఇంత తేలనిదాని గురించి ఇంత పెద్ద కథనం ఎందుకంటారా? జాబితాలో నోరు లేకపోయినా, జాబితాలో ఉన్నవాటిలో చాలా దారులు నోటి గుండానే వెళుతున్నాయి కాబట్టి.

షుగరునే తీసుకుందాం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. షుగరు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. చిగుళ్ళకి వైద్యం చేస్తే మూడు నెలల సగటు షుగరు పరీక్షలో అంకె 0.43 పాయింట్ల మేర తగ్గుతుందని 35 అధ్యయనాలను పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2022లో చెప్పింది. షుగరు మాత్ర ఇంకొకటి కలిపితే వచ్చే ఫలితానికి ఇది మరీ దూరం కాదు. ఏలూరులోగానీ తాడేపల్లిగూడెంలోగానీ షుగరు డాక్టరు దగ్గర కూర్చున్న పెద్దవాళ్ళను "మీ చిగుళ్ళ నుంచి నెత్తురొస్తోందా అండీ?" అని అడగడం ఎంతసేపు పని?

తిండి సంగతి చూద్దాం. పళ్ళు లేని నోరు ముందుగా వదిలేసేవి ఆకుకూర కాడలు, జామకాయ, వేరుశనగలు, వేటమాంసం. మిగిలేది మెత్తని తెల్లన్నం, పలచటి చారు, కాఫీలో ముంచిన బిస్కెట్టు. పీచు లేదు, మాంసకృత్తులు లేవు, ఉన్నదంతా షుగరు పెంచేదే. నమలడం కూడా మెదడుకి ఒక పనే. పంటి వేరు చుట్టూ ఉన్న పొరలోని నరాలు ప్రతి కొరుకుడుకీ మెదడుకి కబురు పంపుతాయి. పన్ను పోతే ఆ కబురు ఆగిపోతుంది. నమిలినప్పుడు మెదడులో కొన్నిచోట్ల రక్తప్రసారం పెరుగుతుందని కూడా పరిశోధనల్లో కనిపించింది.

ఇక ఒంటరితనం. ముందు పళ్ళు పోయిన మామ్మగారు పెళ్ళిళ్ళకి రావడం ఎందుకు మానేశారో ఎవరైనా అడిగారా? పదిమంది మధ్య బంతిలో కూర్చుని తినలేక. మాట్లాడితే "స"లు "ష"లు గాలిలో పోతుంటే మనవలు నవ్వుతారని. నవ్వినప్పుడల్లా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొన్నాళ్ళకి నవ్వడమే తగ్గించి, చివరికి వీధరుగు మీదకి రావడం కూడా మానేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019-21 నాటికే 1.7కి పడిపోయింది. ఆ ఒకరిద్దరు పిల్లలూ హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటే, పెద్దింట్లో మిగిలిన మనిషికి పలకరింపంటే వీధిలోకి వస్తే దొరికేదే. నోరు బాగాలేక వీధిలోకి రాకపోతే అదీ పోతుంది. నలుగురితో మాట మెదడుని ఎంత కాపాడుతుందో లెక్కగట్టడం కష్టంగానీ, భాషకి ఆ శక్తి ఉండొచ్చని హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో చూపించింది. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో ఆ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. డిమెన్షియాని నుదుటిరాత కింద వదిలేయక్కర్లేదని చెప్పే సాక్ష్యం మన ఊరి మనుషుల్లోనే ఉంది.

మర్చిపోయినవాళ్ళ నోరు

ఇంతవరకూ చెప్పినదంతా అవకాశాల లెక్క. ఇక్కడినుంచి చెప్పబోయేదానికి ఆధారం ఇంకాస్త గట్టిది, నా దృష్టిలో అదే అసలు సంగతి. డిమెన్షియా వచ్చేసిన మనిషి నోటిని శుభ్రంగా ఉంచితే న్యుమోనియా ముప్పు తగ్గొచ్చు. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో చేసిన అధ్యయనం 1999లో లాన్సెట్‌లో వచ్చింది. మామూలుగా వదిలేసిన పెద్దవాళ్ళలో రెండేళ్ళలో 19 శాతం మందికి న్యుమోనియా వస్తే, ప్రతి భోజనం తర్వాతా సహాయకులు పళ్ళు తోమించినవాళ్ళలో 11 శాతం మందికే వచ్చింది. నోట్లోని పాచి, క్రిములు ఉమ్మితో కలిసి ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వచ్చే న్యుమోనియా ఇది. డిమెన్షియా ముదిరినవాళ్ళలో ఎక్కువమందిని తీసుకెళ్ళిపోయే జబ్బుల్లో ఇదొకటి.

మన ఇళ్ళలో ఆ పని ఎవరి మీద పడుతుందో తెలిసిందే. కోడలి మీద, లేకపోతే కూతురి మీద, లేకపోతే నెలజీతానికి కుదుర్చుకున్న ఆవిడ మీద. స్నానం చేయిస్తారు, తల దువ్వుతారు, మందులు వేస్తారు. నోరు మాత్రం పుక్కిలింతతో సరి. తోమడానికి వెళ్తే చెయ్యి కొరికేస్తారని భయం. ఆ భయం ఉత్తిది కాదుగానీ, దాటే మార్గముంది. ఎదురుగా నిలబడి మొహంలోకి బ్రష్షు తెస్తే డిమెన్షియా ఉన్న మనిషికి దాడిలా తోస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనో కాస్త వెనగ్గానో నిలబడి, తలని మన ఒంటికి ఆనించుకోవాలి. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు, శనగగింజంత పేస్టు చాలు. ముందు బ్రష్షుని వాళ్ళ చేతికే ఇచ్చి, ఆ చేతి మీద మన చెయ్యి వేసి కదిపితే చాలామందికి చిన్నప్పటి అలవాటు గుర్తొచ్చి మిగతాది వాళ్ళే తోముకుంటారు. "అత్తయ్యగారూ, ఒక్కసారి ఆ అనండి" అని మనం నోరు తెరిచి చూపిస్తే వాళ్ళూ తెరుస్తారు. తెరవకపోతే బలవంతం వద్దు, అరగంట ఆగి మళ్ళీ వెళ్ళండి. సాయంత్రాల్లో చిరాకు ఎక్కువ కాబట్టి పొద్దుటి పూట మేలు.

ఇంకో సంగతి అందరికీ చెప్పాలనిపిస్తుంది. డిమెన్షియా ఉన్న మనిషి చాలాసార్లు "పన్ను నొప్పి" అని చెప్పలేరు. అన్నం ముద్ద తోసేస్తారు. చెంప మీద చెయ్యి వేసుకుని కూర్చుంటారు. రాత్రుళ్ళు నిద్రపోరు, ముట్టుకుంటే అరుస్తారు. ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందనుకుని నిద్రమాత్ర డోసు పెంచమని డాక్టరుని అడుగుతారు. అడిగేముందు టార్చిలైటుతో నోరు చూడండి. కింది దవడ చివర విరిగిన పంటి ముక్క నాలుక పక్కని కోస్తూ ఉండొచ్చు, చిగురు మీద చీముపొక్కు ఉండొచ్చు. దిగులుకి, నిద్రకి, మూత్రం ఆగకపోవడానికి ఇచ్చే మందుల్లో చాలావాటికి నోరు ఎండిపోతుంది. ఉమ్మి తగ్గితే పళ్ళు చకచకా పుచ్చిపోతాయి. మందుల చీటీ పళ్ళ డాక్టరుకీ, పళ్ళ సంగతి మందులిచ్చే డాక్టరుకీ చూపించాలి.

కట్టుడు పళ్ళకి ఒక వేళ ఉంది

జపాన్ 1989లోనే ఎనభై ఏళ్ళకి ఇరవై సొంత పళ్ళు అన్న ఉద్యమం మొదలుపెట్టింది. 2016 సర్వేకొచ్చేసరికి అక్కడ ఎనభై ఏళ్ళవాళ్ళలో సగం మందికి పైగా ఆ లెక్క అందుకున్నారు. మన దగ్గర జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లో మొదలైంది. దాని దృష్టి పెద్దవాళ్ళ మీద ఇంకా పడాలి. అలాగని మన ప్రాంతం ఒట్టిపోయింది కాదు. ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాల ఉంది, భీమవరంలో విష్ణు దంత వైద్య కళాశాల ఉంది, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం ఎటునుంచి చూసినా వీటిలో ఏదో ఒకటి పూటలో వెళ్ళిరాగలిగిన దూరమే.

వెళ్ళే వేళ ముఖ్యం. కొత్త సెట్టుకి నోరు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. ఎలా పెట్టుకోవాలి, ఎలా తీయాలి, ఎటువైపు నమలాలి అన్నది నాలుకా మెదడూ కలిసి కొత్తగా నేర్చుకోవాల్సిన పని. డిమెన్షియా ముదిరాక ఆ నేర్చుకోవడం సాధ్యపడదు. అప్పుడు ఎంత ఖరీదైన సెట్టు చేయించినా దిండు కింద, చెత్తబుట్టలో దొరుకుతుంది. మాటలు తడబడుతున్నాయి, పేర్లు గుర్తురావడం లేదు అని మొదటిసారి అనుమానం వచ్చిన నెలలోనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. గార తీయించాలి, కుళ్ళిన వేళ్ళు తీయించాలి, అవసరమైతే సెట్టు అప్పుడే చేయించాలి. లోపలివైపు పేరు రాయించమని అడగండి. ఆసుపత్రిలో చేరినప్పుడు పోయేవాటిలో కట్టుడు పళ్ళు మొదటి వరసలో ఉంటాయి. రాత్రిపూట తీసి, బ్రష్షుతో సబ్బునీళ్ళతో కడిగి, చల్లటి నీళ్ళలో వేసి ఉంచాలి. వేడినీళ్ళు పోస్తే వంగిపోతాయి.

సంక్రాంతికి పిల్లలు ఊళ్ళకొస్తారు. మూడు రోజుల్లో ఒక పొద్దుట ఓ గంట తీసి అమ్మనీ నాన్ననీ నోరు తెరవమని అడగండి. ఎన్ని పళ్ళు ఉన్నాయి, ఎన్ని కదులుతున్నాయి, ఎక్కడ నెత్తురొస్తోంది, ఏ వైపుతో నమలడం మానేశారు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. తిరుగు ప్రయాణానికి ముందే పళ్ళ డాక్టరు దగ్గర చూపించి, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో, ఎవరు తీసుకెళ్తారో పక్కింటివాళ్ళతో మాట్లాడి వెళ్ళండి.